చరిత్ర ప్రాజెక్టులు మా జెరాక్స్ షాపులో తయారవుతున్నాయి

సంపాదకులు గారికి నమస్కారం.

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్లేంత దూరంలో నాకొక జెరాక్స్ షాపు ఉంది. రెండు మిషన్లు, ఒక కలర్ ప్రింటర్, స్పైరల్ బైండింగ్, లామినేషన్. మా పాప ఈ ఏడాది పదో తరగతి. హైస్కూలు పిల్లల చరిత్ర చదువు గురించి మీ పత్రికకు రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. నేను టీచర్ని కాదు, బీకాం చదివి షాపు పెట్టుకున్నవాణ్ని. కాకపోతే ఈ ఊళ్లో పిల్లలు చరిత్ర ఎలా చదువుతున్నారో, బడిలో సార్లకు కనిపించనిది కొంత నా కౌంటర్ మీద కనిపిస్తుంది. రాస్తే నా బేరానికే దెబ్బ. అయినా రాస్తున్నాను.

ప్రాజెక్టు వర్కులు ఇచ్చే రోజుల్లో సాయంత్రం ఐదు దాటితే షాపు ముందు బండి నిలపడానికి జాగా ఉండదు. పిల్లల కంటే తల్లిదండ్రులే ఎక్కువ వస్తారు. "అన్నా, సోషల్ ప్రాజెక్టు, హిస్టరీది. పదిహేను పేజీలు వచ్చేట్టు తీయండి. బొమ్మలు కలర్‌లో ఉండాలంట" అంటారు. టాపిక్ ఏమిటంటే ఫోన్ తీసి క్లాసు వాట్సాప్ గ్రూపు చూపిస్తారు. నిజానికి అడగాల్సిన పనే లేదు. నా కంప్యూటర్‌లో 'సోషల్ ప్రాజెక్ట్స్' అని ఒక ఫోల్డర్ ఉంది. చారిత్రక కట్టడాలు, స్వాతంత్ర్య సమరయోధులు, సింధు నాగరికత, రెండో ప్రపంచ యుద్ధం, అన్నీ అందులో రెడీగా ఉన్నాయి. ఫైలు తెరవడం, మొదటి పేజీలో పేరు, సెక్షన్, రోల్ నంబరు మార్చడం, ప్రింట్ కొట్టడం. చివరి పేజీలో 'ముగింపు' అని ఉంటుంది. 'ఈ ప్రాజెక్టు ద్వారా నేను మన దేశపు ఘనమైన వారసత్వం గురించి తెలుసుకున్నాను' అని దాని కింద ఒక వాక్యం. అది ఎవరు రాశారో నాకు తెలియదు, నెట్‌లో దొరికింది. ఎంతమంది పిల్లలు ఆ వాక్యం కింద సంతకం పెట్టి మార్కులు తెచ్చుకున్నారో లెక్క లేదు. ఒకే క్లాసులో సగం మంది తెచ్చింది ఒకే ప్రాజెక్టు అయినా, అన్నిటి మీదా ఎర్ర సిరాతో టిక్కు పడుతుంది.

'చారిత్రక కట్టడాలు' ఫైల్లో తాజ్‌మహల్, కుతుబ్ మినార్, ఎర్రకోట, చార్మినార్ ఉన్నాయి. ప్రింట్ల కోసం జనం నిలబడేది నా షాపు మెట్ల మీద. అక్కడి నుంచి తల తిప్పితే బురుజు కనిపిస్తుంది. ఆ బురుజు ఫైల్లో ఎందుకు లేదని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఈమధ్య తొమ్మిదో తరగతి పిల్లాడొకడు 1857 తిరుగుబాటు మీద ప్రింట్ల కోసం వచ్చాడు. మీరట్, ఢిల్లీ, ఝాన్సీ, కాన్పూర్. ఎక్కడుంటావురా అంటే జొహరాపురం అన్నాడు. "మీ జొహరాపురంలోనే ఇంగ్లీషోళ్లతో యుద్ధం జరిగింది, 1857 కంటే ముందే, తెలుసా?" అన్నాను. ఆట పట్టిస్తున్నానని అనుకున్నాడు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని ఈస్టిండియా కంపెనీ వాళ్లకు అనుమానం వచ్చింది. సైన్యాన్ని పంపి కోట సోదా చేస్తే ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. జొహరాపురం దగ్గర పోరాటం జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లికి పంపితే అక్కడే హత్యకు గురయ్యాడు. నవాబుల పాలన అంతటితో సరి, కర్నూలు కంపెనీ చేతికి పోయింది. ప్రింట్లు పడుతున్నంతసేపూ ఇదంతా చెప్పాను. పిల్లాడు నోరు తెరిచి విన్నాడు. కాగితాలు సర్దుకుని డబ్బులిచ్చాక, "అది సిలబస్‌లో ఉందా అంకుల్?" అన్నాడు. లేదన్నాను. "అయితే మా సారు ఒప్పుకోడు" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు, తను రోజూ తిరిగే ఆ జొహరాపురం రోడ్డు మీదుగానే.

అలాగని ఎక్కడివో పాఠాలు తీసేసి మన ఊరి కథలే చెప్పమని నేననడం లేదు. పదో తరగతికి ఇప్పుడున్నది ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్. చరిత్రలో మొదటి పాఠమే యూరప్‌లో జాతీయవాదం. ఫ్రెడరిక్ సోర్యూ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1848లో వేసిన బొమ్మతో మొదలై ఇటలీని ఒక్కటి చేసిన మాజినీ, కావూర్, గారిబాల్డీ, జర్మనీని ఒక్కటి చేసిన బిస్మార్క్ వరకు నడుస్తుంది. మా వీధిలో ఒక పెద్దాయన అది తిరగేసి "ఈ గారిబాల్డీతో మన పిల్లోళ్లకేం పని?" అన్నారు. పని ఉందనే నేనంటాను. తెలుగు మాట్లాడేవాళ్లకు ఒక రాష్ట్రం కావాలని పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న మన కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ప్రారంభోత్సవానికి నెహ్రూ వచ్చారు. ఒక భాష వాళ్లంతా ఒక్కటి అనుకోవడం యూరప్‌లో ఎలా మొదలైందో చదివిన పిల్లకు ఈ కథ ఇంకా బాగా ఎక్కుతుంది. కానీ ఆ రెండింటినీ కలుపుతూ క్లాసులో ఒక్క మాట పడాలి. పాఠం యూరప్‌లో మొదలై యూరప్‌లోనే అయిపోతే, పిల్లకు అది ఇంకో పది మార్కుల ప్రశ్న అంతే.

అదే పుస్తకంలో ముద్రణ గురించి ఒక పాఠం ఉంది. మన వృత్తి కదా, దాన్ని మాత్రం నేను మొదటి నుంచి చివరి దాకా చదివాను. గుటెన్‌బర్గ్ తన బైబిల్‌ను 180 ప్రతుల వరకు అచ్చు వేయడానికి మూడేళ్లు పట్టిందట. "నీకైతే ఎన్ని రోజులు పడుతుంది నాన్నా?" అని మా పాప అడిగింది. బైబిల్‌లో పేజీలెన్ని, మన మిషన్ నిమిషానికి ఎన్ని కొడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఎంత, టోనర్ ఖర్చెంత అని ఇద్దరం కాగితం పెట్టుకుని కూర్చున్నాం. టోనర్ దగ్గరికొచ్చేసరికి నాకే కళ్లు తిరిగాయి. ఆ పాఠం మా పాపకు మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కొన్నేళ్ల కిందట ఊళ్లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ సారు ఒకాయన పిల్లలకు వేరే రకం పని పెట్టారు. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పాత కాగితం ఒకటి వెతకాలి. అసలుది ఇంట్లోనే ఉంచి జెరాక్స్ తేవాలి. అది ఏ కాగితం, ఎప్పటిది, అందులో ఉన్న పేర్లు ఎవరివి అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి సొంత చేత్తో రెండు పేజీలు రాయాలి. అంతే. కలర్ బొమ్మలు వద్దు, బైండింగ్ వద్దు.

ఆ వారం నా షాపులోకి ఎలాంటి కాగితాలు వచ్చాయో! స్టాంపు పేపర్ల మీద రాసిన విక్రయ దస్తావేజులు, ఉర్దూలో ఉన్న నిఖానామా, ఎవరి తాతదో ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం, మిలటరీ డిశ్చార్జి బుక్కు, శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊరి నష్టపరిహారం కాగితం, గులాబీ రంగు వెలిసి తెల్లబడిన పెళ్లి పత్రిక. ఇలాంటివాటిని మిషన్ పైనున్న ఫీడర్‌లో పెట్టకూడదు, మడతల దగ్గర ముక్కలైపోతాయి. ఒక్కోటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అద్దం మీద పరిచి తీయాలి. నీలం సిరా వెలిసిపోయి ఉంటే డార్క్‌నెస్ పెంచాలి. మరీ పెంచితే కాగితం మీది మరకలన్నీ అక్షరాల మీదికి ఎక్కుతాయి. రెండు మూడు సార్లు తీస్తే గానీ ఒక మంచి కాపీ రాదు. మిషన్ దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి ఒకరి కాగితం ఒకరు చదువుకునేవాళ్లు. తాజ్‌మహల్ ప్రింట్లను అట్ల చదివినవాణ్ని నేను చూడలేదు.

ఒక పాప భూమి శిస్తు రసీదు తెచ్చింది. అరచేతి వెడల్పు కాగితం. దాని మీద 'ఫసలీ 1363' అని ఉంది. "అంకుల్, ఇది 1363లోదా? అంటే ఆరువందల ఏళ్ల కిందటిదా?" అని కళ్లింత చేసుకుని అడిగింది. పక్కనున్న పిల్లలంతా మూగారు. ఫసలీ అంటే రెవెన్యూ వాళ్ల సంవత్సరమని, దానికి 590 కలిపితే మన లెక్క వస్తుందని, అది జూలైలో మొదలవుతుందని చెప్పాను. అరచేతిలో రాసుకుని కూడింది. 1953. కొంచెం నిరాశపడింది కూడా, ఆరువందలు అనుకున్నది డెబ్బైకి వచ్చిందని.

మర్నాడు మళ్లీ వచ్చింది. "అంకుల్, ఆ ఏడే మన కర్నూలు రాజధాని అయిందంట. ఆఫీసులు గుడారాల్లో పెట్టినారంట, మా తాత చెప్పినాడు. మరి రసీదు మీద మద్రాసు అని ఎందుకుంది?" అంది. చూస్తే నిజమే, ఫారం పైన మద్రాసు అని అచ్చు వేసి ఉంది. నేనూ ఆలోచనలో పడ్డాను. ఫసలీ 1363 అంటే 1953 జూలై నుంచి 1954 జూన్ దాకా. శిస్తు అక్టోబరు 1 లోపు కట్టి ఉంటే అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కాబట్టి పేచీ లేదు. ఆ తర్వాత కట్టి ఉంటే, రాష్ట్రం మారినా పాత ఫారాలే వాడుతున్నారన్నమాట. ఏది నిజమో తేలాలంటే తేదీ చూడాలి. తేదీ ఉండాల్సిన చోటనే మడత చిరిగిపోయింది. "మరి ఏం రాయాలి?" అంది. రెండూ రాయి, ఎందుకు తేల్చలేకపోయావో కూడా రాయి అన్నాను. అట్లనే రాసిందట, సారు ఆ రెండు పేజీలు క్లాసులో అందరికీ చదివి వినిపించారట.

సంపాదకులు గారూ, ఇంతకంటే చరిత్ర చదవడం ఏముంటుందో నాకు తెలియదు. ఒక కాగితం పట్టుకుని ఇది ఎప్పటిది, ఎవరు రాశారు, దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని ఆ పిల్ల తనకు తానే అడిగింది. ఖర్చు రెండు రూపాయల జెరాక్స్.

కొంతమంది పిల్లలు మాత్రం ఖాళీ చేతులతో వచ్చారు. "మా ఇంట్లో పాత కాగితాలేమీ లేవు, వరదలో పోయినాయి" అన్నారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారిగా ఊరి మీదికి వచ్చిన సంగతి మీ పాఠకులకు చెప్పక్కర్లేదు. నా షాపూ మునిగింది. నీళ్లు తీసిన తర్వాత చాలా రోజుల పాటు పాతబస్తీ మిద్దెల మీద బట్టలకు బదులు సర్టిఫికెట్లు, పాస్ పుస్తకాలు ఆరేశారు, గాలికి ఎగరకుండా పైన రాళ్లు పెట్టి. ఇప్పుడు పదో తరగతి చదివే పిల్లలు ఆ రోజుల్లో పుట్టినవాళ్లో, ఇంకా పుట్టనివాళ్లో. వాళ్లకు ఆ వరద కూడా పానిపట్టు యుద్ధమంత దూరం. ఆ సారు ఈ పిల్లలను వదల్లేదు. ఇంట్లో ఏమేం కాగితాలు ఉండేవో, అవి ఎట్ల పోయినాయో, తర్వాత డూప్లికేట్ల కోసం ఎన్ని ఆఫీసులు తిరిగినారో అమ్మానాన్నలను అడిగి రాయమన్నారు. నా అంచనా, మంచి ప్రాజెక్టులు ఆ ఖాళీ చేతుల పిల్లలవే అయి ఉంటాయి.

తర్వాత ఆ సారు బదిలీ మీద వెళ్లిపోయారు. ఆ పనీ ఆయనతోనే పోయింది. మళ్లీ పదిహేను పేజీలు, కలర్ బొమ్మలు, 'ఘనమైన వారసత్వం'.

ఇందులో టీచర్లను అనడానికి నాకు మనసొప్పదు. సోషల్ ఒక్క పేపర్లోనే భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ ఉన్నాయి. సిలబస్ పూర్తి చేయాలి, స్లిప్ టెస్టులు పెట్టాలి, మార్కులు ఎక్కించాలి. ప్రైవేటు బడుల్లో ఇంకో ముచ్చట. ఎనిమిది, తొమ్మిది తరగతులు వచ్చేసరికి ఫౌండేషన్ కోర్సు అంటారు. దానికి టైము కావాలంటే మొదట కోత పడేది సోషల్ పీరియడ్‌కే. 'సోషల్‌దేముంది, పరీక్షకు ముందు చదివితే వచ్చేస్తుంది' అనేది ఆ బడులవాళ్ల మాట, తల్లిదండ్రుల మాట కూడా. ఇంటర్‌లో హెచ్‌ఈసీ (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం) తీసుకుంటానని పిల్ల అంటే ఇంట్లో ఏడుపులు. ఎంపీసీ కాకపోతే బైపీసీ, అదీ కాకపోతే సీఈసీ.

ఇక్కడే నాకు నవ్వొస్తుంది. ఎంపీసీ చదివి, బీటెక్ పూర్తి చేసి, ఇరవై ఆరు ఇరవై ఏడేళ్ల వయసులో ఆ పిల్లలే మళ్లీ నా షాపుకు వస్తారు. చేతిలో గ్రూప్-2 మెటీరియల్. గ్రూప్-2 మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్ సాంఘిక, సాంస్కృతిక చరిత్ర ఉంది మరి. మూడు నాలుగు వందల పేజీలు స్పైరల్ వేయించుకుని, హైలైటర్‌తో గీతలు గీస్తూ, టెన్షన్ పడుతూ బట్టీ పడతారు. శ్రీబాగ్ ఒప్పందం ఎప్పుడు జరిగింది? 1937 నవంబరు 16. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఎక్కడ ఉరి తీశారు? కోయిలకుంట్లలో, 1847లో. తడుముకోకుండా చెప్తారు. ఆయన ఎందుకు తిరగబడ్డాడు అంటే మాత్రం 'బ్రిటిష్ వాళ్లకు వ్యతిరేకంగా' అంటారు. పాలెగాళ్ల వారసులకు కంపెనీ ఇచ్చే భరణం దగ్గర మొదలైన తగువు అది. ఊళ్లలో కాపలా కాసే కట్టుబడుల ఇనాములను కంపెనీ లాక్కుంటుంటే వాళ్లు ఆయన వెంట నడిచారు. భూమి పోయినవాడి కోపం ఎట్లుంటుందో సీమలో పద్నాలుగేళ్ల పిల్లాడికి చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు, అది మాత్రం అందరికీ తెలుసు.

అశోకుడి సంగతి ఇంకా విచిత్రం. కళింగ యుద్ధం, పశ్చాత్తాపం, బౌద్ధం అని ప్రతి పిల్లా అప్పజెప్తుంది. ఆ పశ్చాత్తాపం ఉన్నది పదమూడో శిలాశాసనంలో. యుద్ధం జరిగిన కళింగ దేశంలో, ధౌళి, జౌగడ రాళ్ల మీద ఆ శాసనం చెక్కించలేదు, దాన్ని వదిలేసి వేరేవి చెక్కించారు. మన జిల్లాలో, తుగ్గలి మండలం ఎర్రగుడి గుట్ట మీద మాత్రం పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి, పదమూడోది కూడా. ఓడిపోయినవాళ్లకు చెప్పుకోని మాట ఇంత దూరం వచ్చి మనకు ఎందుకు చెప్పుకున్నాడు? అదే శాసనంలో ఆంధ్రుల పేరు కూడా ఉంది. పక్కనే ఉన్న లఘు శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, వెంటనే కింది వరుస కుడి నుంచి ఎడమకు, మడక తోలినట్టు సాగుతాయి. ఎందుకట్ల చెక్కారని మా పాప అక్కడ నిలబడి అడిగింది. చెక్కేవాడికి అటూ ఇటూ నడవడం బద్ధకమేమో అన్నాను. నా సమాధానం తనకు నచ్చలేదు.

అక్కడికి దగ్గర్లోనే జొన్నగిరి. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి అదేనని కొందరు పండితులంటారు. తొలకరి పడిందంటే ఆ చుట్టుపక్కల పొలాల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో వచ్చి వాలిపోతారు. అందులో పదోవంతు మంది అయినా ఆ గుట్ట ఎక్కి చూసి ఉంటే నాకు ఆశ్చర్యమే. కడప జిల్లాలో కలమళ్ల ఉంది. రేనాటి చోళుడు ధనంజయుడు క్రీస్తుశకం 575 ప్రాంతంలో వేయించిన తెలుగు శాసనం అక్కడిది. అనంతపురం వాళ్లకు గుత్తి, శ్రీ సత్యసాయి జిల్లా వాళ్లకు పెనుకొండ ఉన్నాయి. 1565లో తళ్లికోట దగ్గర ఓడిపోయాక విజయనగరం వాళ్లు రాజధాని మార్చుకున్నది పెనుకొండకే కదా. సీమలో ఏ హైస్కూలు నుంచైనా పొద్దున బస్సెక్కి చీకటి పడేలోపు ఇంటికి రాగలిగే దూరంలో ఇలాంటిది ఒకటి ఉంటుంది. విహారయాత్రల పేరుతో పిల్లలను ఊటీకి తీసుకెళ్లే బడులు నాకు తెలుసు.

ఇంకొకటి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. నా షాపు పక్కన ఫ్లెక్సీల షాపు ఉంది. ఈమధ్య అక్కడ రాజుల బొమ్మలు, వీరుల బొమ్మలు బాగా పడుతున్నాయి, ఒక్కో వీరుడికి ఒక్కో కులం పేరు తగిలించి. ఒకే రాజు రెండు కులాల ఫ్లెక్సీల మీద కనిపించిన రోజులూ ఉన్నాయి. కుర్రాళ్లు ఫోన్లో వచ్చిన మెసేజీ తెచ్చి, "అన్నా, ఇది మన అసలు చరిత్ర, బడిలో చెప్పనీయకుండా దాచినారు, వంద కాపీలు కొట్టండి" అంటారు. ఇది ఎక్కడ రాసి ఉంది, ఏ శాసనంలో ఉంది అంటే ఎగాదిగా చూస్తారు. బడిలో ఒక్కసారైనా ఒక కాగితాన్ని 'నువ్వు ఎప్పటిదానివి, నిన్ను రాసిందెవరు' అని అడిగి చూసిన పిల్లాడైతే ఆ మెసేజీని కూడా అట్లనే అడుగుతాడని నా ఆశ. ఆ శిస్తు రసీదు పాప అడుగుతుందని మాత్రం గట్టిగా చెప్పగలను.

కాబట్టి విద్యాశాఖ పెద్దలకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చరిత్ర ప్రాజెక్టుకు ప్రింట్లు తీసుకునేది లేదని ఖచ్చితంగా చెప్పేయండి. చేతిరాతే ఉండాలి, రెండు మూడు పేజీలు చాలు. విషయం పిల్ల నడిచో, బస్సెక్కో చూడగలిగేదై ఉండాలి, లేదా ఇంట్లో మనిషిని అడిగి తెలుసుకోగలిగేదై ఉండాలి. పాత కాగితం, బావి, దర్గా, గుడి ముందు శాసనం, ముంపు ఊరు, 2009 వరద, ఏదైనా సరే. మన ఊరి మధ్య నుంచి పారే కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) ఉంది, అందులో ఒకప్పుడు సరుకుల పడవలు నడిచాయని చెబితే పిల్లలు నమ్మరు. దాన్ని వాళ్లనే తేల్చుకోమనండి. జగన్నాథగట్టు మీదికి పిల్లలంతా ఆటకు పోతారు. అక్కడి సంగమేశ్వరాలయం శ్రీశైలం నీళ్లు రాకముందు ఎక్కడుండేదో కనుక్కొని రాయమనండి. తేల్చలేకపోతే తేల్చలేదని రాసినా మార్కులు ఇవ్వాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే పిల్లలు 'తెలియదు' అని రాస్తే సున్నా పడుతుందనే భయంతోనే నా ఫోల్డర్ దగ్గరికి వస్తున్నారు.

ఇది ఒక సారు ఇష్టం మీద కాకుండా ఉత్తర్వుల్లో ఉంటే, ఆయన బదిలీ అయినా ఆగదు. ఈ పని చేయించే టీచర్‌కు ఆ నెలలో వేరే రాతకోతలు కొన్ని తగ్గించాలి. లేకపోతే ఇది కూడా ఫోటో తీసి అప్‌లోడ్ చేసే ఇంకో తతంగమవుతుంది, ఆ ఫోటోల ప్రింట్లూ మళ్లీ నా దగ్గరే పడతాయి.

తోటి తల్లిదండ్రులకు ఒక మాట. ప్రాజెక్టు కోసం నా షాపు ముందు క్యూలో నిలబడే ఆ అరగంట పిల్లను తీసుకుని అవ్వ దగ్గర కూర్చోండి. బీరువా పైఅరలో, ట్రంకు పెట్టె అడుగున, పాత సూట్‌కేసులో ఏవో కాగితాలు ఉండే ఉంటాయి. మా ఇంట్లో ఏముంటాయిలే అనుకోవద్దు. ఆ రసీదు పాపవాళ్ల ఇంట్లో కూడా అదే అన్నారట.

నా వంతుగా, ఆ 'సోషల్ ప్రాజెక్ట్స్' ఫోల్డర్ వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు డిలీట్ చేస్తున్నాను. పక్క షాపువాళ్ల దగ్గర ఉంటుంది, అది నా చేతిలో లేదు. ఇంట్లో పాత కాగితం పట్టుకుని బడి ప్రాజెక్టుకని వచ్చే ఏ పిల్లకైనా నా షాపులో జెరాక్స్ ఉచితం, ఎన్నిసార్లు తీయాల్సి వచ్చినా సరే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వస్తే రద్దీ ఉండదు, తీరిగ్గా అద్దం మీద పెట్టి తీసిస్తాను. ఆధార్ కార్డుకు మాత్రం మామూలు రేటే.

ఇట్లు,
జెరాక్స్ షాపు నడుపుకునే ఒక తండ్రి,
పాతబస్తీ, కర్నూలు.